అమెరికా ప్రయాణం: ఫారం నింపేది పిల్లలు, జవాబు చెప్పేది మీరు

(విశ్రాంత ఉద్యోగుల, వయోవృద్ధుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందాండీ? సరే.

ఇక్కడున్న చాలామందికి కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారు. కొందరు వెళ్లొచ్చారు, కొందరికి ఇంటర్వ్యూ తేదీ దొరికింది, కొందరు "అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, ఎప్పుడు బయల్దేరాలా" అని లెక్కలు వేసుకుంటున్నారు. నేను మాట్లాడేది మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం.

ఈ ప్రయాణంలో వచ్చే చిక్కులు చాలావరకు ఒకే చోట పుడతాయి. దరఖాస్తు అబ్బాయి నింపుతాడు. టికెట్టు కోడలు కొంటుంది. ఇన్సూరెన్సు అల్లుడు చూస్తాడు. పెట్టెలు సర్దడానికి చెల్లెలూ పక్కింటావిడా వస్తారు. మందుల సంగతి ఆవిడకి తెలుసని ఆయన, ఆయనకి తెలుసని ఆవిడ. తీరా అద్దం అవతల కూర్చున్న ఆఫీసరు అడిగేది వీళ్లెవరినీ కాదు, మిమ్మల్ని. "ఈ పెట్టెలో ఏముంది?" అంటే మీరే చెప్పాలి. అందుకని ఇవాళ ఏ కాగితంలో ఏముంటుందో, ఏ పెట్టెలో ఏం పెట్టకూడదో, అసలు ఎందుకో చెబుతాను. పనులు పిల్లలే చేయనివ్వండి. ఏం చేశారో మాత్రం మీకు తెలిసి ఉండాలి.

ముందు వీసా. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లకి ఇచ్చేది బీ-2, సాధారణంగా బీ-1/బీ-2 అని కలిపి ఇస్తారు. దరఖాస్తు పేరు డీఎస్-160. ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు. దానిమీద ఇంకేమైనా చేరిందేమో కట్టే రోజున చూసుకోండి. వీసా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి. ఒకటి వేలిముద్రలకీ ఫొటోకీ, హైదరాబాదులో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న కేంద్రంలో. రెండోది ఇంటర్వ్యూ, నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్‌లో. 2008 నుంచి ఈ కాన్సులేట్ బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023లో మారింది. ఎప్పుడో వెళ్లొచ్చిన బంధువు చెప్పిన గుర్తులు పట్టుకుని బేగంపేటలో దిగకండి. లోపలికి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. బయట ఎవరినైనా తోడు ఉంచుకోండి.

డీఎస్-160 మొత్తం అచ్చు తీసి పంపమని పిల్లలకి చెప్పండి. బార్‌కోడ్ ఉన్న ఒక్క పేజీ చాలదు. అబ్బాయి ఏ కంపెనీ రాశాడు, ఏ ఊరు రాశాడు, మీరు ఎన్నాళ్లు ఉంటారని రాశాడు, ఖర్చు ఎవరిదని రాశాడు, ఈ నాలుగూ చూసుకోండి. అందులో "రెండు నెలలు" అని ఉండి, మీరు "ఆరు నెలలు ఉండి వస్తాం" అంటే అక్కడే తేడా పడుతుంది. కాగితాల కట్ట ఎంత పెద్దదైనా ఆఫీసరు ఒక్కటీ అడక్కపోవచ్చు. ఆయన వినేది మీ మాట. చట్టంలో 214(బీ) అని ఒక సెక్షన్ ఉంది. వచ్చిన ప్రతివాళ్లూ అక్కడే ఉండిపోయేవాళ్లని ముందుగా అనుకోమని, కాదని చూపించే బాధ్యత దరఖాస్తుదారుడిదేనని దాని సారాంశం. అంటే ఇక్కడ మీకేముందో చెప్పాలి: పెన్షను, ఇల్లు, పొలం, మిగతా పిల్లలు, తల్లిదండ్రులు. ఇంగ్లీషు రాదని దిగులు వద్దు, హైదరాబాదులో తెలుగులో అడగమని చెప్పవచ్చు.

తెలుగులో చెప్పేటప్పుడు ఒక మాట జాగ్రత్త. "మనవణ్ణి చూడ్డానికి వెళ్తున్నాం" వేరు, "మనవణ్ణి చూసుకోవడానికి వెళ్తున్నాం" వేరు. మన ఇళ్లల్లో రెండూ ఒకటే. రెండోది ఇంగ్లీషులోకి వెళ్లేసరికి జీతానికి పిల్లల్ని చూసే పనిలా వినబడుతుంది, బీ-2 మీద పని చేయకూడదు. అబద్ధం ఆడమనడం లేదు. "అమ్మాయికి కాన్పు, ఆ సమయంలో దగ్గర ఉండడానికి వెళ్తున్నాం, మూడు నెలలు ఉండి వచ్చేస్తాం" అంటే ఉన్నదున్నట్టు చెప్పినట్టే. అక్కడ విమానం దిగాక ఇమిగ్రేషన్‌లోనూ ఇదే ప్రశ్న వస్తుంది, ఇదే జవాబు.

ఇంకోటి పేరు. మన పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే గడిలో రాసి, రెండో గడి ఖాళీగా వదిలేసినవి చాలా ఉన్నాయి. అలాంటివాళ్లకి వీసాలో పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని మూడక్షరాలు పడతాయి, పేరు తెలియదు అని అర్థం. వీసా చెల్లుతుంది కానీ టికెట్టు దగ్గర తికమక వస్తుంది. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఎలాగూ దగ్గర పడి ఉంటే, వీసాకి ముందే ఇంటిపేరు విడదీయించుకోవడం మంచిది. వీసా ఉన్న పాస్‌పోర్టు గడువు తీరిపోయినా ఆ వీసా చెల్లుతుంది. పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్లాలి. పాతది బీరువాలో వదిలేసి విమానాశ్రయానికి వెళ్లడం కొత్త తప్పేమీ కాదు.

టికెట్టు దగ్గర ధర ఒక్కటే చూడకండి. హైదరాబాదు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తారు. మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకి మధ్యలో మూడు గంటలైనా ఉండాలి, గంటన్నర చాలదు. అబుదాబి సంగతి వేరు. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు అక్కడే, విమానం ఎక్కకముందే అయిపోతాయి. దిగాక లోపలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలా నేరుగా బయటికి వచ్చేయవచ్చు. హాయిగానే ఉంటుంది, కానీ ఆ వరస అబుదాబిలో నిలబడాలి కాబట్టి అక్కడ వ్యవధి ఎక్కువ కావాలి. మిగతా దారుల్లో అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ వాళ్లకి అప్పగించాలి. "పెట్టెలు చివరి ఊరికి రాసేశారు కదా" అని వదిలేసి తర్వాతి విమానం ఎక్కేవాళ్లకి అక్కడ పెట్టెలు కనబడవు.

చక్రాల కుర్చీ అడగడానికి మొహమాటపడకండి. ప్రయాణం రోజున కౌంటర్లో కాదు, టికెట్టు కొన్నప్పుడే చెప్పాలి. మెట్లెక్కగలరు కానీ దూరం నడవలేరా, మెట్లూ ఎక్కలేరా, సీటు దాకా తీసుకెళ్లాలా, మూడింటికీ మూడు రకాల సాయం ఉంది. విమానంలో గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఇక పెట్టెలు. అసలు గొడవంతా ఇక్కడే. [నవ్వులు]

చాలా విమానాల్లో మామూలు తరగతికి తలా రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఇంట్లో తూకం 22 దగ్గర ఆపండి. మీ తూనిక, వాళ్ల తూనిక ఒకటి కావు.

ఆవకాయ తీసుకెళ్లొచ్చా? వెళ్లొచ్చు. చేతిసంచిలో కాదు, పెద్ద పెట్టెలో. పచ్చడి ద్రవం కింద లెక్క, చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటకూడదు. పెట్టెలో ఎందుకు కారుతుందో చెబుతాను. విమానం పైకి వెళ్లాక లోపలి గాలి ఒత్తిడి నేల మీదకంటే తగ్గుతుంది. సీసాలో మూత కింద ఉన్న గాలి ఉబ్బి, పైన తేలిన నూనెని మరల సందుల్లోంచి బయటికి నెడుతుంది. మూత ఎంత బిగించినా అంతే. కాబట్టి సీసా కంటే గాలి తీసేసి వేడితో అతికించిన మందపాటి కవరు మేలు. పచ్చళ్ల దుకాణాల్లో అమెరికాకని చెబితే అలా కట్టి ఇస్తారు. ఇంటి పచ్చడైతే మూడో నాడు తిరగకలిపి, ఊట పూర్తిగా దిగాక మరో వారం ఆగి కట్టండి. కొత్త పచ్చడి ఇంకా పొంగుతూ ఉంటుంది, కవరు ఉబ్బుతుంది. నూనె పైపైన వంచేయండి, అక్కడికి వెళ్లాక పోసుకోవచ్చు. ఒక కవరు, దానిమీద ఇంకో కవరు, చుట్టూ పాత తువ్వాలు, పెట్టె మధ్యలో. పట్టుచీరలు మాత్రం వేరే పెట్టెలో.

తీసుకెళ్లకూడనివి. మాంసం పచ్చళ్లు, చికెన్, మటన్, ఏ రూపంలోనూ వద్దు. పచ్చి కూరగాయలు, పళ్లు, పూలు వద్దు. మామిడిపళ్లు అసలే వద్దు. పచ్చి కరివేపాకు వద్దు, దీనికి కారణం తెలుసుకోదగ్గది. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన మొక్క. దాని మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ చెట్లని చంపే తెగులుని మోస్తుంది. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడింది, అక్కడి నారింజ తోటలు దారుణంగా దెబ్బతిన్నాయి. మీ సంచిలో రెండు రెబ్బలు చూసి ఆఫీసరు అంత హడావిడి ఎందుకు చేస్తాడంటే అందుకు. వేయించి కొట్టిన కరివేపాకు కారం వేరు, అయినా అదీ ఉందని చెప్పాలి.

బియ్యం, శనగలు కూడా వద్దు. నిలవ ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయం. మరి అక్షింతలో? అవీ బియ్యమే కదండీ. శుభలేఖతో పాటు పొట్లం కట్టి పంపుతాం, గుళ్లో ఇచ్చిన తలంబ్రాలు పర్సులో పెట్టుకుంటాం. వాటిని మరిచిపోతాం. ఇంట్లోనే ఉంచండి, అక్కడ బియ్యానికీ పసుపుకీ కొదవ లేదు. ఎండుకొబ్బరి ఇక్కడే, మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. అందులో నూనె ఎక్కువ, మండే వస్తువుల జాబితాలో ఉంది. కారప్పొడి, సాంబారు పొడి పెద్ద పెట్టెలో పెట్టండి. పవర్ బ్యాంకులు మాత్రం తప్పనిసరిగా చేతిసంచిలోనే.

గసగసాలు ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో ఇబ్బంది లేదు. దుబాయ్, అబుదాబిల్లో అవి నిషేధం, మత్తుపదార్థం కింద చూస్తారు. ఆ దారిన వెళ్లేవాళ్లు గసగసాలు కలిపిన మసాలా కూడా పెట్టకండి.

దిగాక "తినేవి ఏమైనా ఉన్నాయా" అని అడుగుతారు. భయంతో "నో" అంటారు చాలామంది. తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది. తెచ్చి చెప్పినవాళ్ల దగ్గర పనికిరానిది ఉంటే తీసి పారేస్తారు, అంతే. దాచినవాళ్లకి జరిమానా పడుతుంది, మొదటిసారికే 1,000 డాలర్ల దాకా వేసే అధికారం వాళ్లకుంది. ఒక చీటీ మీద ఇంగ్లీషులో మామిడి పచ్చడి, మిఠాయిలు, కారప్పొడులు అని రాయించుకుని పాస్‌పోర్టులో పెట్టుకోండి. నోట మాట రాకపోతే చీటీ చూపించండి.

మీరు చూడకుండా కట్టిన పొట్లం ఎవరిదీ తీసుకోకండి. "మా అబ్బాయి కూడా అమెరికాలోనే కదా, కాస్త ఇది ఇవ్వండి" అంటారు. ఆ అబ్బాయి డల్లాస్‌లో, మీ అమ్మాయి న్యూజెర్సీలో. మధ్య దూరం దాదాపు 2,500 కిలోమీటర్లు. [నవ్వులు] దూరం సంగతి పక్కన పెట్టినా, అందులో ఏముందని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు.

డబ్బు గురించి క్లుప్తంగా. ఇక్కణ్ణుంచి విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు. ఇంకా కావాలంటే కార్డులో వేసుకోవాలి.

ఇప్పుడు మందులు. మూడు నెలలకి సరిపడా మందులు వెంట ఉంచుకోవచ్చని అమెరికావాళ్ల లెక్క. ఆరు నెలలు ఉండేవాళ్లు మిగతా మూడు నెలలకి అక్కడ డాక్టరుకి చూపించుకోవాలని ఇప్పుడే అనుకోవాలి. కొరియర్లో పంపితే దారిలో ఆగిపోవచ్చు. మాత్రలు స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాలో పోయకండి, పేరు కనబడాలి. మీ డాక్టరు చేత చీటీ రాయించుకోండి: ఇంగ్లీషులో, అచ్చులో, కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు. మన కంపెనీ పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. ఒక్క ఉదాహరణ. మనం పారాసెటమాల్ అనేదాన్ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. జ్వరానికి మీరు తెచ్చుకున్న డోలో వేసుకుని, తగ్గలేదని కోడలు ఇచ్చిన టైలెనాల్ వేసుకుంటే, అదే మందు రెండుసార్లు వేసుకున్నట్టే. జలుబు మందుల్లోనూ అది కలిసి ఉంటుంది. మోతాదు మించితే కాలేయం పాడవుతుంది.

వారం రోజుల మందులు, ఇన్సులిన్ మొత్తం చేతిసంచిలో ఉండాలి. కింద అరలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు, గడ్డకట్టినది పనిచేయదు. 100 మిల్లీలీటర్ల నియమం మందులకి వర్తించదు. పడమటికి వెళ్తున్నారు కాబట్టి ఆ రోజు పొడుగవుతుంది. న్యూయార్క్‌తో మనకి తేడా ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. కాలిఫోర్నియాతో పన్నెండున్నర, పదమూడున్నర. ఆ పొడుగు రోజులో ఇన్సులిన్, షుగరు మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకోవాలో టికెట్టు చూపించి మరీ డాక్టరుని అడగండి. ఊహించి వేసుకోకండి.

కాన్పుకి వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. పసిబిడ్డ దగ్గరికి వెళ్లేముందు ధనుర్వాతం, కోరింతదగ్గు కలిపి ఇచ్చే టీడాప్ టీకా, ఫ్లూ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోమని అక్కడి డాక్టర్లు అంటారు. ఇక్కడే వేయించుకుంటే చవక. మన కాటుకల్లో చాలావాటిలో సీసం ఉంటుంది, పిల్లలకి పెట్టవద్దంటారు. వసకొమ్ము అరగదీసి నాకించడం మన అలవాటు, ఆ వసని ఆహారంలో వాడకూడదని అమెరికాలో 1968లోనే నిషేధించారు. ఏడాది లోపు తేనె వద్దు. కారులో పాపని ఒళ్లో పెట్టుకోవడం కుదరదు, సీటులో కట్టాల్సిందే, ఏడ్చినా సరే. వీటి మీద అమ్మమ్మకీ అమ్మకీ పేచీ రాకముందే ఫోన్లో మాట్లాడేసుకోండి.

ఇన్సూరెన్సు. కొనేది అల్లుడే అయినా రెండు మాటలు అడగండి. ఒకటి: రోజుకింత, పరీక్షకింత అని ముందే గీత గీసిన పాలసీనా, లేక అసలు బిల్లులో అధిక భాగం కట్టేదా? మొదటిది చవక, కానీ అక్కడి బిల్లులో మూల కూడా నిండదు. రెండు: నాకున్న బీపీ, షుగరు, గుండె జబ్బు సంగతేంటి? ముందునుంచీ ఉన్న జబ్బుకి మామూలు వైద్యం దాదాపు ఏ పాలసీ ఇవ్వదు. హఠాత్తుగా ముదిరితే కొన్ని ఇస్తాయి, అదీ వయసుని బట్టి పరిమితితో. కార్డు పర్సులో ఉండాలి. జ్వరానికీ బెణుకుకీ అర్జెంట్ కేర్ క్లినిక్కుకి వెళ్లండి, ఎమర్జెన్సీకి కాదు, బిల్లులో తేడా విపరీతం. గుండెనొప్పి, పక్షవాతం లక్షణాలైతే మాత్రం ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. డబ్బు లేదని ఎమర్జెన్సీలో ప్రాణం నిలబెట్టే వైద్యం ఆపకూడదని 1986 నుంచి చట్టం ఉంది. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం చివరికి ఉంచాను. దాని పేరు ఐ-94. వీసా పదేళ్లకి ఇస్తారు. అది తలుపు దాకా వెళ్లే అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94, సాధారణంగా ఆరు నెలలు. ఇప్పుడది చేతికివ్వరు, వాళ్ల వెబ్‌సైటులో ఉంటుంది. దిగిన వారంలోగా పిల్లల చేత అచ్చు తీయించి, తేదీ మీ కళ్లతో చూసి, క్యాలెండరు మీద రాసుకోండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ఆ తేదీ వరకే ఇచ్చే సందర్భాలూ ఉంటాయి. ఆ తేదీ ఒక్క రోజు దాటినా పదేళ్ల వీసా దానంతటదే రద్దవుతుంది. 180 రోజులు మించి దాటిపోయి వెనక్కి వస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. ఒంట్లో బాగాలేక ఉండాల్సివస్తే ఐ-539 అనే దరఖాస్తు ఆ తేదీకి కనీసం 45 రోజుల ముందు పెట్టమంటారు. తేదీ దాటాక పెడితే లాభం లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: నవంబరులో అక్కడ ఉంటే లైఫ్ సర్టిఫికెట్ ఎలాగండీ?)

మంచి ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నుంచి ఉంది, ముఖం చూపించి ఫోన్లోనే ఇచ్చే పద్ధతి 2021లో వచ్చింది. ఇక్కడుండగానే ఆ యాప్ ఫోన్లో పెట్టించుకుని ఒకసారి చేసి చూడండి. కుదరకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేయించుకోవచ్చు. 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. రాష్ట్ర పెన్షనర్లు మీ ట్రెజరీలో ఏ నెలలో ఇవ్వాలో అడిగి బయల్దేరండి. మీ సిమ్ము మాత్రం ఆగిపోకుండా రీచార్జి చేయించి, రోమింగ్ పెట్టించుకోండి. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది.

(ఒక మహిళ: వచ్చిన తర్వాత మళ్లీ ఎన్నాళ్లకి వెళ్లొచ్చు?)

ఇన్నాళ్లని రాసిన నియమం లేదమ్మా. ఆరు నెలలుండి వచ్చి రెండు నెలలకే మళ్లీ దిగితే "మీరు ఉండేది ఇక్కడా, అక్కడా" అని అడుగుతారు. అక్కడ ఎన్నాళ్లున్నారో ఇక్కడా కనీసం అన్నాళ్లు ఉండి వెళ్లడం క్షేమం.

(మరొకరు: మిక్సీ తీసుకెళ్లొచ్చా? అమ్మాయి అడుగుతోంది.)

తీసుకెళ్లొచ్చు, తిరగదు. [నవ్వులు] మనది 230 వోల్టులు, వాళ్లది 120. మీట నొక్కితే ఈగలా మూలుగుతుంది, పచ్చడి నలగదు. కరెంటు పెంచే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. 750 వాట్ల మిక్సీకి 1,500 వాట్లది, అది ఇటుక కంటే బరువు. గ్రైండరైతే ఇంకో తిరకాసు: అక్కడి కరెంటు 60 హెర్ట్‌జ్, మనది 50, వోల్టేజి సరిచేసినా రాయి అయిదో వంతు వేగం ఎక్కువ తిరుగుతుంది, పిండి వేడెక్కుతుంది. మన కంపెనీల మిక్సీలే అక్కడి కరెంటుకి తయారుచేసినవి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, అమ్మాయిని అక్కడే కొనుక్కోమనండి. ఫోను, లాప్‌టాప్ ఛార్జర్లకి ఈ గొడవ లేదు, వాటి మీద 100-240 అని రాసి ఉంటుంది, పిన్ను మార్చే చిన్న ముక్క చాలు. ఒక్కటి, అక్కడ పోపు పెట్టేటప్పుడు పొయ్యి పైనున్న ఫ్యాను ముందు వేసి, తర్వాత మిరపకాయలు వేయండి. లేకపోతే పొగ అలారం మోగి ఇల్లంతా లేస్తుంది.